సంచిలోని రెండు తూకపురాళ్లు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 25:13-16, సామెతలు 18:17, లూకా 14:28-30, అపొస్తలుల కార్యములు 17:11.



ద్వితీయోపదేశకాండములో వర్తకుని సంచిని గూర్చి ఒక ఆజ్ఞ కలదు. ఒకే సంచిలో పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి ఉంచుకొనకూడదని దాని సారాంశము. కొనునప్పుడు ఒక రాయి, అమ్మునప్పుడు మరియొక రాయి తీయు వర్తకులు ఆ కాలములో ఉండిరి గనుకనే అట్టి ఆజ్ఞ అవసరమైనది. ఇప్పుడు మన అంగళ్లలో రాళ్లు పోయి ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినవి. అయితే రెండు కొలతలు పెట్టుకొను అలవాటు పోలేదు. అది పెద్ద కంపెనీల లెక్కల కాగితములలోనికి కూడ చేరినది. ఈ నెల పాఠములో అట్టి ఒక కంపెనీ సంగతి తీసికొని, అమ్మువాడు చెప్పిన మాటను ఎట్లు పరీక్షింపవలెనో నేర్చుకొందము.

ఈ సంగతి పల్లెవారికెందుకని కొందరు అడుగవచ్చును. పత్తి అమ్మిన సొమ్ము, మిర్చి అమ్మిన సొమ్ము ఇప్పుడు ఇనుపపెట్టెలో ఉండుటలేదు. పట్టణములో పనిచేయు కుమారుడు సెల్‌ఫోనులోనే షేర్లు కొనుచున్నాడు. ఇంటికి వచ్చినప్పుడు తండ్రితో, "నాన్నా, ఈ కంపెనీ రెండేండ్లలో రెండింతలవుతుంది, చెల్లి పెండ్లికి దాచిన డబ్బు దీనిలో పెడదాము" అని చెప్పుచున్నాడు. కుమారుడు మంచివాడే, మోసము చేయవలెనని చెప్పుటలేదు. కంపెనీ తన్ను గూర్చి తాను చెప్పుకొన్న మాటనే అతడు తిరిగి చెప్పుచున్నాడు. ఆ మాటను తూచి చూడగలిగిన తండ్రి ఆ ఇంటిలో ఉండవలెనని ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. కంపెనీయు, దాని వ్యాపారమును

2008వ సంవత్సరము చివర అమెరికాలోని షికాగో నగరములో గ్రూపాన్ అను ఇంటర్నెట్ కంపెనీ పని మొదలుపెట్టినది. దానిని నడిపినవాడు ఆండ్రూ మేసన్ అను యువకుడు. మొదట పెట్టుబడి పెట్టినవారిలో ముఖ్యుడు ఎరిక్ లెఫ్కోఫ్‌స్కీ. తమ ఆఫీసు ఉన్న భవనములోనే క్రింద ఒక హోటలు ఉండెను. ఆ హోటలులో ఒక పిజ్జా ధరకు రెండు పిజ్జాలు ఇప్పించుటయే వారి మొదటి బేరము.

వారి పద్ధతి ఇది. ఒక హోటలులో భోజనము 100 రూపాయలనుకొందము. "మా ద్వారా వచ్చిన వానికి 50 రూపాయలకే పెట్టవలెను, మేము మీకు వందలకొలది జనమును పంపుదుము" అని కంపెనీ హోటలువానితో ఒప్పందము చేసికొనును. జనులు ఆ 50 రూపాయలు కంపెనీకి కట్టి చీటి తీసికొందురు. ఆ 50లో సుమారు సగము కంపెనీ ఉంచుకొని, మిగిలిన సగము హోటలువానికిచ్చును. హోటలువానికి చివరకు దక్కునది 100లో 25 మాత్రమే. అయినను, వచ్చినవారు మరల పూర్తి ధర యిచ్చి తినుటకు వత్తురను ఆశతో అతడు ఒప్పుకొనును.

ఈ వ్యాపారము మిక్కిలి వేగముగా పెరిగినది. 2010 చివర గూగుల్ కంపెనీ దీనిని సుమారు 600 కోట్ల డాలర్లకు కొనజూచెననియు, వీరు ఒప్పుకొనలేదనియు పత్రికలు వ్రాసినవి. తరువాత 2011 జూన్ 2వ తేదీన, తమ షేర్లను ప్రజలకు అమ్ముటకు అనుమతి కోరుచు అమెరికా ప్రభుత్వపు సెక్యూరిటీస్ అండ్ ఎక్స్‌ఛేంజ్ కమిషన్ ఎదుట వారు తమ లెక్కలు దాఖలు చేసిరి. అప్పుడే పెట్టుబడిదారులలో అనుమానము మొదలైనది.

2. ఎరువు ఖర్చు కలుపని రైతు

2010వ సంవత్సరములో ఆ కంపెనీకి వ్యాపారములో వచ్చిన నష్టము 42 కోట్ల 3 లక్షల డాలర్లు. ఈ సంఖ్య వారి కాగితములోనే ఉన్నది. అయితే అదే కాగితములో మరియొక సంఖ్య కూడ ఉన్నది. దాని ప్రకారము అదే సంవత్సరములో అదే కంపెనీ 6 కోట్ల 6 లక్షల డాలర్లు మిగిల్చినది! ఒకే సంవత్సరము, ఒకే వ్యాపారము, రెండు సంఖ్యలు. ఇది ఎట్లు సాధ్యము?

లెక్క చూడుడి. ఇంటర్నెట్ ప్రకటనల ద్వారా క్రొత్తవారిని చేర్చుకొనుటకు చేసిన ఖర్చు 24 కోట్ల 15 లక్షలు. పనివారికి షేర్ల రూపముగా ఇచ్చిన ప్రతిఫలము 3 కోట్ల 62 లక్షలు. ఇతర కంపెనీలను కొనుటకు సంబంధించిన ఖర్చు 20 కోట్ల 32 లక్షలు. ఈ మూడును కలిపిన 48 కోట్ల 9 లక్షలు. ఈ మూడింటిని ఖర్చులుగా లెక్కింపవద్దని కంపెనీ చెప్పినది. లెక్కింపకపోయిన యెడల 42 కోట్ల 3 లక్షల నష్టము మాయమై, 6 కోట్ల 6 లక్షలు మిగిలినట్లు కనబడును. పలక మీద కూడిక, తీసివేత నేర్చిన బాలుడు సహా దీనిని సరిచూడగలడు. ఈ క్రొత్త కొలతకు వారు ఒక పొడుగాటి పేరు పెట్టిరి. "సవరించిన లాభము" అని మనము చెప్పుకొనవచ్చును. నేతి బీరకాయ అని పేరున్నంత మాత్రాన దానిలో నేయి ఉండదు గదా.

కంపెనీ చెప్పిన కారణమును కూడ న్యాయముగా వినవలెను. ప్రకటన చూచి ఒకడు ఒకసారి చేరిన తరువాత, అతనికి దినదినము ఉచితముగా బేరములు పంపుదుము, అతడు ఏండ్ల తరబడి కొనుచుండును, కనుక ఇది ఒక్కసారి పెట్టు పెట్టుబడియే గాని ఏటేట వచ్చు ఖర్చు కాదు అని వారు చెప్పిరి.

పత్తి వేసిన రైతు ఒకడు మన యొద్దకు వచ్చి, "ఈ ఏడు నాకు లాభమే వచ్చినది, ఎరువుల ఖర్చు మాత్రము లెక్కలో కలుపలేదు. ఎరువు వలన భూమి సారము పెరుగును, అది వచ్చే ఏండ్లకు పెట్టుబడి" అని చెప్పినాడనుకొనుడి. మనము అతనిని ఏమి అడుగుదుము? "సరే అన్నా, వచ్చే ఏడు ఎరువు వేయకుండ పండించగలవా?" అని అడుగుదుము. ఈ ప్రశ్ననే అనుమానించిన పెట్టుబడిదారులు కంపెనీని అడిగిరి. జవాబు ఆ కాగితములోనే దొరికినది. 2010వ సంవత్సరమంతటిలో ఆ ప్రకటనలకు 24 కోట్ల 15 లక్షలు ఖర్చు కాగా, 2011లో మొదటి మూడు నెలలలోనే 17 కోట్ల 99 లక్షలు ఖర్చైనవి. ఒక్కసారి పెట్టిన పెట్టుబడి అయినచో అది తగ్గుముఖము పట్టవలెను. ఇక్కడ మూడు నెలల ఎరువు, నిరుడు పండ్రెండు నెలలకు వేసిన ఎరువులో మూడు వంతులకు దగ్గరగా వచ్చినది.

ప్రకటన ఖర్చు ఎట్లుండునో మన దేశములోనే తరువాత కనబడినది. గ్రూపాన్ 2011లో మన దేశములో వ్యాపారము మొదలుపెట్టెను. 2013 సెప్టెంబరులో ఉల్లి ధర కిలో 60 రూపాయలు దాటి జనులు కలవరపడుచుండగా, ఆ కంపెనీ కిలో 9 రూపాయలకే ఉల్లి అమ్మెదమని ప్రకటించినది. దినమునకు 3,000 కిలోలు. జనులు ఒక్కసారిగా పైబడగా దాని వెబ్‌సైటు నిలిచిపోయినది. కొనగలిగినవారికి సంతోషమే. కాని ఉల్లి పండించినవాడు 9 రూపాయలకు ఇవ్వలేదు, మోసికొని వచ్చినవాడు ఉచితముగా మోయలేదు. ఆ తేడా కంపెనీ భరించినది. అది దాని పేరు నలుగురి నోట పడుటకు ఇచ్చిన వెల. ఉల్లి మీద పోయిన సొమ్మును ప్రక్కన పెట్టి "మాకు నష్టము లేదు" అని ఏ అంగడివాడైనను చెప్పినచో మన పల్లెలోని ముసలమ్మలు సహా నవ్వుదురు.

3. సొమ్మొకడిది, సోకొకడిది

రెండవ అనుమానము ఆదాయమును గూర్చినది. 2010లో తమ ఆదాయము 71 కోట్ల 34 లక్షల డాలర్లని కంపెనీ మొదట వ్రాసినది. అయితే పైన చెప్పిన భోజనపు చీటిని జ్ఞాపకము చేసికొనుడి. కట్టిన 50 రూపాయలలో 25 హోటలువానివి. కంపెనీ మాత్రము 50 రూపాయలును తన ఆదాయమనియే వ్రాసికొన్నది. హోటలువాని 25ను తరువాత ఖర్చుగా చూపినది.

మిర్చి యార్డులో కమీషను వ్యాపారి ఉండును. రైతు సరుకు లక్ష రూపాయలకు అమ్మిపెట్టి, తన కమీషను తీసికొని, మిగిలినది రైతుకిచ్చును. ఆ వ్యాపారి తన కుమార్తెకు సంబంధము చూచునప్పుడు, యార్డులో తన చేతిమీదుగా పోయిన సొమ్మంతయు తన ఆదాయమని చెప్పుకొన్నచో పెండ్లివారు ఏమందురు? ఇట్టి వానిని చూచియే మన పెద్దలు సొమ్మొకడిది సోకొకడిది అనిరి.

కమిషన్ వారు ప్రశ్నింపగా, 2011 సెప్టెంబరులో కంపెనీ తన లెక్కను తిరిగి వ్రాసినది. హోటళ్లకు, దుకాణములకు చెందిన పాలు తీసివేయగా 2010 ఆదాయము 31 కోట్ల 29 లక్షల డాలర్లుగా తేలినది. అనగా మొదట చెప్పినదానిలో సగముకంటె తక్కువ. అంతకుముందే ఆగస్టులో, "సవరించిన లాభము" అను ఆ క్రొత్త కొలతను కూడ కాగితములో నుండి తీసివేసిరి. పెద్ద రాయి సంచిలోనుండి పోయినది. ఇక అందరికి ఉన్న రాయితోనే తూచుకొనవలసి వచ్చినది.

4. పేర్ల పట్టికయు, వచ్చువారును

మూడవది జనసంఖ్య. 2011 మార్చి చివరకు తమయొద్ద పేరు నమోదు చేసికొన్నవారు 8 కోట్ల 31 లక్షల మంది అని కంపెనీ చెప్పెను. ఇది విని పెట్టుబడిదారులు ఆశ్చర్యపడిరి. కాని అదే కాగితములో, అప్పటివరకు ఒక్క చీటియైనను కొన్నవారు 1 కోటి 58 లక్షల మంది మాత్రమే అని కూడ ఉన్నది. అనగా పట్టికలో ఉన్న అయిదుగురిలో ఒక్కడైనను పూర్తిగా కొనుగోలుదారుడు కాడు.

సంఘములో పనిచేయువారికి ఈ తేడా చక్కగా తెలియును. పేర్ల పుస్తకములో ఉన్నవారు వేరు, ఆదివారము వచ్చువారు వేరు, ప్రభుబల్లకు వచ్చువారు వేరు. వార్షిక రిపోర్టులో ఏ సంఖ్య వ్రాసితిమో దాని పేరు కూడ దాని ప్రక్కన వ్రాయుట న్యాయము. పెద్ద సంఖ్య అబద్ధము కాకపోవచ్చును. కాని చిన్న సంఖ్య అడుగవలసిన చోట పెద్ద సంఖ్య చూపుట వలన వినువాడు మోసపోవును.

5. చీటి వెనుక ఉన్న దుకాణములు

అనుమానించినవారు లెక్కల కాగితముతో ఆగలేదు. చీటీలు అమ్మించిన దుకాణదారులు సంతోషముగా ఉన్నారా అని విచారించిరి. వారు మరల రాకపోయిన యెడల కంపెనీకి బేరములుండవు గదా. 2010లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఉత్పల్ ధోలకియా 150 దుకాణములను విచారించి చూడగా, సుమారు మూడింట రెండువంతుల వారికి లాభము వచ్చినది, సుమారు మూడవవంతు వారికి రాలేదు. మరల ఇట్టి బేరము చేయమని చెప్పినవారు నూటికి 40 మందికి పైగా ఉండిరి. కనుక అందరును చెడిపోయిరని చెప్పుట న్యాయము కాదు. అందరును బాగుపడిరని చెప్పుటయు న్యాయము కాదు.

చెడిపోయినవారి సంగతి 2011లో ఇంగ్లండులోని ఒక చిన్న కేకుల దుకాణము వలన లోకమునకు తెలిసినది. ఆ దుకాణము 75 శాతము తగ్గింపు ధరకు కేకులిచ్చుటకు ఒప్పుకొని, ఎందరికని పరిమితి పెట్టలేదు. సుమారు 8,500 మంది చీటీలు కొనిరి. లక్షకు పైగా చిన్న కేకులు చేయవలసి వచ్చినది. ప్రతి డజను మీద నష్టమే. కూలివారిని తెప్పించి పని ముగించునప్పటికి ఆ యేటి లాభమంతయు ఊడ్చుకొని పోయినది. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునను ఉపమానమును ప్రభువు మన కొరకు చెప్పెను. ఆ దుకాణము లెక్క చూచుకొనవలసినది. పరిమితి పెట్టుకొనుమని మేలుకోరి చెప్పుట ఆ బేరము కుదిర్చినవారికిని తగియుండెను.

ఆ దేశములోనే ప్రకటనలను పరిశీలించు సంస్థ 2011లో ఆ కంపెనీ ప్రకటనలలో 48 చోట్ల నియమములు తప్పినవని లెక్కించి, న్యాయ వాణిజ్య కార్యాలయమునకు అప్పగించెను. 2012 మార్చిలో ఆ కార్యాలయము ఎదుట కంపెనీ కొన్ని వాగ్దానములు చేసినది. అసలు ధర ఇంత, తగ్గించిన ధర ఇంత అని చూపునప్పుడు అసలు ధర నిజమైనదిగా ఉండవలెను. దుకాణము ఇవ్వగలిగినంత మాత్రమే అమ్మవలెను. సౌందర్య చికిత్సలు మొదలైనవాటిని గూర్చి చెప్పిన గుణములకు ఆధారము ఉండవలెను. వీటిలో ఏదియు క్రొత్త ధర్మము కాదు. సంతలో కూర్చుండు నిజాయితీగల వర్తకునికి ఇవన్నియు ముందే తెలియును.

6. అనుమానించుట పాపమా?

ఇక్కడ కొందరు విశ్వాసులకు ఒక ఇబ్బంది కలుగుచున్నది. అనుమానము మంచిది కాదనియు, ఎదుటివాని మాట నమ్ముట ప్రేమ లక్షణమనియు వారు తలంచుదురు. ఇది పరిశీలింపదగిన ప్రశ్న.

బెరయ పట్టణపు వారి సంగతి అపొస్తలుల కార్యములలో ఉన్నది. పౌలు వచ్చి బోధింపగా, వారు ఆసక్తితో విని, అతడు చెప్పినవి అట్లున్నవో లేవో అని దినదినము లేఖనములను శోధించి చూచిరి. అందును బట్టి లేఖనము వారిని నిందింపక మెచ్చుకొనినది. అపొస్తలుని మాటనే పరీక్షించుట మెప్పుకు తగినదైనచో, షేర్లు అమ్మువాని మాటను పరీక్షించుట ఎట్లు పాపమగును?

అయితే అనుమానములలో రెండు రకములు గలవు. ఒకటి వదంతి మీద పుట్టునది. "వాళ్లంతా దొంగలట" అని రచ్చబండ దగ్గర చెప్పుకొనునది. దానికి లెక్క అక్కరలేదు, సాక్ష్యము అక్కరలేదు. అది పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యమునకు దారితీయును. రెండవది కాగితము తీసి, చదివి, కూడి, తీసివేసి చూచునది. గ్రూపాన్ విషయములో అనుమానించినవారికి రహస్యములేవియు అవసరము కాలేదు. నష్టపు సంఖ్య, ఆదాయములో దుకాణముల పాలు, కొన్నవారి సంఖ్య, ఇవన్నియు కంపెనీయే వ్రాసియిచ్చిన కాగితములో ఉన్నవి. 2011 ఆరంభములో సేకరించిన సుమారు 95 కోట్ల డాలర్లలో సుమారు 81 కోట్లు వ్యాపారములోనికి పోక, పాత షేరుదారుల షేర్లు తిరిగి కొనుటకు పోయెనని కూడ అందులోనే ఉన్నది. అది చట్టమునకు విరుద్ధము కాదు. కాని పంట బాగుండునని చెప్పుచున్నవాడు తన పాలు ముందుగానే అమ్ముకొనుచున్నప్పుడు, కొనువాడు ఒక నిమిషము ఆగి ఆలోచించుట న్యాయమే.

వ్యాజ్యెములో ముందుగా మాటలాడినవాని పక్షము న్యాయముగా కనబడుననియు, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించినప్పుడే సంగతి తేలుననియు సామెతల గ్రంథకర్త బోధించుచున్నాడు. షేర్లు అమ్ముకాలములో ముందుగా మాటలాడువాడు ఎల్లప్పుడును కంపెనీయే. దరఖాస్తు వేసిన మరునాడే లెఫ్కోఫ్‌స్కీ ఒక వార్తాసంస్థతో మాటలాడుచు, కంపెనీ విపరీతముగా లాభములు పొందునని చెప్పెను. కమిషన్ ప్రశ్నించిన తరువాత, ఆ మాట మీద ఆధారపడి షేర్లు కొనవద్దని కంపెనీయే తన కాగితములో వ్రాయవలసి వచ్చినది. ప్రశ్నించువాడు లేకపోయిన యెడల మొదటి మాటయే నిలిచియుండును.

7. తరువాత జరిగినది

2011 నవంబరు 4వ తేదీన గ్రూపాన్ షేర్లు బజారుకు వచ్చినవి. షేరు 20 డాలర్ల చొప్పున 70 కోట్ల డాలర్లు వసూలైనవి. ఆ దినము సాయంత్రమునకు షేరు 26 డాలర్లు దాటినది. అనుమానించినవారిని జనులు ఆ దినమున ఎగతాళి చేసియుందురు.

ఇల్లు అలుకగానే పండుగ కాదు. 2012 మార్చి చివర, తాము ప్రకటించిన ఆఖరి మూడు నెలల లెక్క సరి కాదని కంపెనీ చెప్పినది. చీటీలు వాపసు ఇచ్చువారికి తిరిగి కట్టవలసిన సొమ్ము తక్కువగా అంచనా వేసితిమనిరి. ఆదాయము 1 కోటి 43 లక్షలు తగ్గినది, నష్టము 2 కోట్ల 26 లక్షలు పెరిగినది. లెక్కలు చూచు ఏర్పాటులోనే గట్టి లోపమున్నదని వారే ఒప్పుకొనిరి. ఆ సంవత్సరము నవంబరునాటికి షేరు 3 డాలర్లకు దిగువకు పడినది. 20 డాలర్లకు కొన్నవానికి ఏడింట ఒక వంతైనను మిగులలేదు. షేరుదారులు వేసిన వ్యాజ్యెము 2016లో 4 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ పడినది. అది రాజీయే గాని నేరము రుజువైనదను తీర్పు కాదు. కంపెనీ మూతపడలేదు, దొంగల ముఠా అని కూడ మేము చెప్పుటలేదు. జనులకు కొంత మేలు చేసిన వ్యాపారమే. తన్ను తాను తూచుకొను రాయిని తానే చెక్కుకొనుట వలన దాని మాట మీద నమ్మకము పోయినది.

2013 ఫిబ్రవరి 28వ తేదీన డైరెక్టర్లు ఆండ్రూ మేసన్‌ను పదవి నుండి తీసివేసిరి. అతడు పనివారికి వ్రాసిన ఉత్తరములో, కుటుంబముతో గడుపుటకు వెళ్లుచున్నానను వాడుక మాటను పరిహాసముగా అని, వెంటనే తనను తీసివేసిరని దాపరికము లేక చెప్పెను. ఎందుకో తెలియనివారు కొంతకాలముగా జరుగుచున్నది గమనింపలేదనుచు కారణములు ఏకరువు పెట్టెను. ఆ పట్టికలో అతడు మొదట పేర్కొన్నది ఏదో తెలియునా? షేర్లు అమ్ముటకు వేసిన దరఖాస్తులోని ఆ వివాదాస్పదమైన కొలత. లెక్కల లోపమును, పడిపోయిన షేరు ధరయు దాని తరువాతనే వచ్చినవి. ప్రశ్నించినవారు రెండేండ్ల క్రిందట వేలు పెట్టి చూపిన చోటనే, కంపెనీని నడిపినవాడును వేలు పెట్టెను.

8. మనము నేర్చుకొనవలసినవి

మన దేశములో కూడ 2021లో అనేక ఇంటర్నెట్ కంపెనీలు ప్రజలకు షేర్లు అమ్మినవి. "సవరించిన లాభము" వంటి మాటలు ఇక్కడి కాగితములలోను కనబడుచున్నవి. షేర్లు అమ్మజూపు కంపెనీ తాను చూపు ప్రత్యేక కొలతలను వివరించి ధ్రువపరచవలెనని సెబీ సంస్థ 2022లో నియమము చేసినది. నియమము మంచిది, కాని చదువని వానికి ఏ నియమమును సహాయము చేయలేదు. కనుక ఇంటిలో డబ్బు సంగతి వచ్చినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడుగవలెను.

మొదటిది, ఏ ఖర్చును లెక్కలో నుండి తీసివేసిరి? తీసివేసిన ఖర్చు వచ్చే ఏడు మరల వచ్చునా? మరల వచ్చునదైనచో అది ఖర్చే.

రెండవది, ఆదాయమని చెప్పినదానిలో ఇతరుల సొమ్ము ఎంత?

మూడవది, లెక్కించినది పేర్లనా, వచ్చి కొనినవారినా?

నాలుగవది, మనకు అమ్మువాడు తన పాలు ఉంచుకొనుచున్నాడా, అమ్ముకొని పోవుచున్నాడా?

జవాబు చెప్పుటకు అమ్మువాడు విసుగుకొన్నచో, ఆ విసుగే జవాబని తీసికొనవచ్చును. నిజమైన తూకము గల వర్తకుడు కాటాను మనవైపు త్రిప్పి చూపును. "మన సంఘపు అన్నయే చెప్పుచున్నాడు, అడుగుట బాగుండదు" అని మొగమాటపడకూడదు. సహోదరుడైనచో అతనికి కూడ ఆ జవాబు అవసరమే. అడుగని కారణమున ఇద్దరును కలిసి మునిగిన కుటుంబములు మన పల్లెలలో తక్కువ కాదు. చెల్లి పెండ్లి సొమ్ము ఒకసారి పోయిన తరువాత, ఎవరు ఎవరిని నమ్మిరను తగవు ఆ ఇంటిలో ఏండ్ల తరబడి నిలుచును.

మనము కూడ అమ్మువారమే, లెక్క చెప్పువారమే. ధాన్యములో తేమ, పాలలో నీరు, సంఘపు కానుకల పుస్తకములో సంఖ్యలు, వీటి విషయములో మనయొద్ద ఒకే రాయి ఉండవలెను. ఇతరుల సంచిని వెదకు హక్కు, తన సంచి విప్పి చూపువానికే తగును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ప్రకటన ఖర్చు పెట్టుబడియే అని కంపెనీ చెప్పిన వాదములో ఎంతవరకు నిజమున్నది? ఎక్కడ ఆ వాదము నిలువలేదు?

2. పెద్ద సంఖ్యయు చిన్న సంఖ్యయు ఒకే కాగితములో వ్రాసి, పెద్దదానిని మాత్రమే గట్టిగా చెప్పుట అబద్ధమగునా? మీ మాటలలో చెప్పుడి.

3. బెరయవారి పరీక్షకును, రచ్చబండ వదంతికిని గల భేదమేమి?

4. మన సంఘపు లెక్కలలో ఏ సంఖ్యకు సరియైన పేరు వ్రాయవలసియున్నది?

ఈ నెలలో ప్రతి ఇంటివారు తమ పొదుపు ఎక్కడెక్కడ ఉన్నదో ఒక కాగితము మీద వ్రాసి, పై నాలుగు ప్రశ్నలను దాని ప్రక్కన పెట్టి, భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి కూర్చుండి చదువుదురని కోరుచున్నాము.